ఏళ్ల తరబడి ఆడిన క్లాన్‌ను వదిలే ముందు: చెప్పి వెళ్లు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. తర్వాత చదివేవాళ్లకూ సంగతి అర్థమవుతుంది. మీది రాయగడ. జియో వచ్చిన ఏడాది, ప్లస్ టూ మొదటి సంవత్సరంలో ఉండగా క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఫోన్ ఆటలో ఒక క్లాన్‌లో, అంటే కలిసి ఆడే జట్టులో చేరావు. కొన్నేళ్లుగా లీడర్‌వి నువ్వే. ఇప్పుడు షిఫ్టుల ఉద్యోగం వచ్చింది, మాఘంలో పెళ్లి. ఆట మానేయాలని గట్టిగానే అనుకున్నావు, అందులో నీకు సందేహం లేదు. ఎలా వెళ్లాలన్నదే తేలడం లేదు. ఎవరికీ చెప్పకుండా ఓ రాత్రి లీవ్ బటన్ నొక్కేస్తే ఏ గొడవా ఉండదు కదా అంటున్నావు. అకౌంట్ అమ్మేయమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడట. చివర్లో ఇంకో మాట రాశావు: వెళ్లిపోవాలంటే ఏడుపొస్తోంది, ఇంట్లో చెప్తే నవ్వుతున్నారు అని.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. నీలాగే ఒక క్లాన్‌ను చాలా ఏళ్లు నడిపి, ఇంకొకరి చేతిలో పెట్టి బయటికొచ్చినవాణ్ణి. ఆ తర్వాత మన వైపు కుర్రాళ్లు చాలామంది ఇదే ప్రశ్న నన్ను అడిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఏడుపు సంగతి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లోవాళ్లకు కనిపించేది ఫోన్ పట్టుకుని కూర్చున్న నువ్వు మాత్రమే. అటువైపు ఉన్న మనుషులు వాళ్లకు కనపడరు. పైగా ఆన్‌లైన్ గేమ్ అనగానే పెద్దవాళ్లకు రమ్మీ, బెట్టింగు గుర్తొస్తాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది డబ్బు కాసి ఆడే ఆటలను. ఇలా సరదాకి నలుగురూ కలిసి ఆడుకునే ఆటలు ఆ నిషేధంలోకి రావు. ఈ తేడా ఒకసారి ఇంట్లో చెప్పి చూడు, సగం నవ్వు ఆగిపోతుంది.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో క్లాన్ అంటే ఏమిటో నీకు తెలుసు, అయినా చెప్తాను. ఈ ఆట ఐఫోన్‌లో 2012లో, ఆండ్రాయిడ్‌లో 2013 అక్టోబరులో వచ్చింది. రెండు క్లాన్‌లు తలపడే క్లాన్ వార్‌లు 2014 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. అప్పటికి మనకు నెట్ అంటే చిన్న రీఛార్జి ప్యాకులు, సిగ్నల్ కోసం మేడ ఎక్కడాలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం కుర్రాళ్లంతా ఒక్కసారిగా లోపలికి వచ్చిపడ్డారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో రెండూ కలిపి రాసే తరం అది. చదువులయ్యాక ఎవరి దారి వాళ్లది. కొందరు విశాఖ, కొందరు హైదరాబాదు, బెంగళూరు. గంజాం వైపు నుంచి సూరత్ మరమగ్గాలకు ఎంతమంది వెళ్తారో నీకు చెప్పక్కర్లేదు. మా క్లాన్‌లోనూ అలా వెళ్లినవాడు ఒకడుండేవాడు. పన్నెండు గంటల రాత్రి షిఫ్టు దిగి గదికి వచ్చి, పడుకునే ముందు అందరి ట్రూప్స్ రిక్వెస్టులూ (ఆటలో సైన్యం పంపమని తోటివాళ్లు అడిగేవి) నింపేసేవాడు. పొద్దున్నే లేచి ఆట తెరిస్తే చాట్‌లో వరసగా వాడి డొనేషన్లే. అన్నిటి కిందా ఒకే మాట రాసి ఉండేది: "లేవండి". ఆ గదిలో అతనితో తెలుగులో మాట్లాడే మనిషి ఎవరూ లేరని తర్వాతెప్పుడో చెప్పాడు. ఇలాంటివాళ్లను వదిలి వెళ్తుంటే బాధ కలగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక అసలు ప్రశ్న. చెప్పకుండా వెళ్లిపోవచ్చా? వద్దు తమ్ముడూ. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెప్తాను, కారణం మర్యాద ఒక్కటే కాదు. మన వీధిలో ఒకాయన నాలుగు రోజులు కనపడకపోతే వాళ్ల తలుపు తట్టొచ్చు, పక్కింటివాళ్లను అడగొచ్చు. క్లాన్‌లో ఒకడు కనపడకపోతే తట్టడానికి తలుపే లేదు. విసుగొచ్చి మానేశాడో, ఫోన్ పోయిందో, ఆసుపత్రిలో ఉన్నాడో, అసలు ప్రాణాలతో ఉన్నాడో లేదో అటువైపు వాళ్లకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నీ పేరు పక్కన చివరి మెసేజ్ ఎన్ని రోజుల కిందటిదో, అంతే.

ఇది నాకు బాగా తెలిసింది తిత్లీ తుపానప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఇటు మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి చాలామంది చనిపోయారు. కరెంటు స్తంభాలు, టవర్లు పడిపోయి రోజుల తరబడి ఫోన్లు లేవు. మా క్లాన్‌లో మందస వైపు కుర్రాడు ఒకడుండేవాడు. తుపాను ముందు రోజు రాత్రి ట్రూప్స్ అడిగాడు. ఎవరో సగం నింపారు. ఆ సగం నిండిన రిక్వెస్టు అలాగే చాట్‌లో ఉండిపోయింది. వార్‌లో అతని రెండు అటాక్‌లూ మిగిలిపోయాయి. అతని అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. ఆటలో పెట్టుకున్న పేరు, వాళ్ల ఊరు మందస దగ్గర అన్న సంగతి, అంతకుమించి మా దగ్గర ఏమీ లేదు. ఎవరిని అడగాలి? ఫిలిప్పీన్స్ నుంచి ఆడే ఒకతను రోజూ అతని గురించి అడిగేవాడు. ఈ ప్రాంతం ఎక్కడుందో కూడా అతనికి తెలియదు, తుపాను వార్తలు వెతికి మరీ లింకులు పెట్టేవాడు. చాలా రోజుల తర్వాత ఆ కుర్రాడు వచ్చి, "బానే ఉన్నాం అన్నా, తోట పోయింది, కరెంటు ఇంకా రాలేదు, పక్కూళ్లో జనరేటర్ దగ్గర ఛార్జింగ్ పెట్టుకున్నా" అని రాశాడు. ఆ రోజు క్లాన్‌లో వార్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇంత పెద్దది జరిగిన ప్రాంతం మనది. మన క్లాన్‌లలో ఒకడు మాయమైతే, చాలా కాలంగా ఉన్నవాళ్లకు ముందు గుర్తొచ్చేది తుపానే. నువ్వు ప్రశాంతంగా పెళ్లి పనుల్లో ఉంటావు. వాళ్లు నీకేమైందోనని టెన్షన్ పడుతూ ఉంటారు. ఆ అవస్థ వాళ్లకు ఎందుకు?

దూరదేశంలో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడు ఉండేవాడు. కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు అతనిది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఇబెలిన్ అనే పేరుతో ఏళ్ల తరబడి ఆడాడు. 2014లో 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. కొడుక్కి స్నేహితులే లేకుండా పోయారని తల్లిదండ్రులు బాధపడేవారు. తండ్రి ఆ వార్తను కొడుకు బ్లాగులో పెట్టాక, ఎక్కడెక్కడివాళ్లో అతను తమకు ఎంత కావాల్సినవాడో రాస్తూ ఉత్తరాలు పంపారు. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు కూడా వచ్చారు. బ్లాగు పాస్‌వర్డ్ తండ్రి చేతిలో ఉండబట్టి ఆ కబురు వాళ్లకు చేరింది. లేకపోతే వాళ్ల లెక్కలో ఇబెలిన్ ఒకరోజు ఆటలోకి రావడం మానేసినవాడు, అంతే. అందుకే ఆట మానేసేవాళ్లకే కాదు, కొనసాగేవాళ్లకు కూడా ఒక మాట చెప్తుంటాను. క్లాన్‌లో ఒక్కరి నంబరైనా ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. నీ విషయంలో ఆ ఇంట్లో మనిషి కాబోయే మీ ఆవిడ అయితే ఇంకా మంచిది.

చెప్పుకునే అవకాశం అందరికీ దొరకదు కూడా. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్జీ మొబైల్ అందులో ఉంది. అక్టోబరు 30న ఇక్కడ సర్వర్లు కూడా ఆగిపోయాయి. మధ్యలో ఒకరి నంబర్లు ఒకరు తీసుకున్న స్క్వాడ్‌లు (కలిసి ఆడే జట్లు) నిలిచాయి. ఇవాళ చేద్దాం రేపు చేద్దాం అనుకున్నవాళ్లు ఒకరికొకరు దొరకకుండా పోయారు. నీకు తేదీ నీ చేతుల్లోనే ఉంది. దాన్ని వాడుకో.

ఇప్పుడు పని సంగతి. అందరికీ చెప్పే ముందు కో-లీడర్లకు చెప్పు. వాళ్లకు ముందే విడిగా తెలియాలి, క్లాన్ మొత్తంతో పాటు తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు. లీడర్ పదవి ఎవరికివ్వాలన్నది వాళ్లతో మాట్లాడి తేల్చుకో. ఆటలో లీడర్ ఒక్కడే ఉంటాడు. కో-లీడర్‌ను లీడర్‌గా ప్రమోట్ చేసిన క్షణంలో నువ్వు కో-లీడర్‌వి అయిపోతావు, దాన్ని వెనక్కి తీసుకునే బటన్ నీ దగ్గర ఉండదు. కొత్త లీడర్ తలుచుకుంటే నిన్నే కిక్ చేయొచ్చు. కాబట్టి తొందరపడి ఇవ్వకు.

టౌన్‌హాల్ లెవెల్ (ఆటలో ఎంత ఎదిగాడో చెప్పే అంకె) చూసి అస్సలు ఇవ్వొద్దు. చాలా క్లాన్‌లు ఇక్కడే చెడిపోవడం చూశాను. ప్రతి అటాక్‌లో మూడు స్టార్లు కొట్టేవాడు వేరు, సున్నా కొట్టి మొహం చాటేసిన కుర్రాణ్ణి మళ్లీ వార్‌కి పిలిచేవాడు వేరు. నీకు కావాల్సింది రెండోవాడు. చాట్ పైకి వెళ్లి చూడు. కొత్తగా చేరినవాడు "హాయ్" అంటే ముందుగా జవాబిచ్చేది ఎవరు? ఇద్దరు తిట్టుకుంటుంటే మధ్యలోకి వెళ్లేది ఎవరు? నువ్వు ఊళ్లో లేని రోజుల్లో జనం ఎవరిని అడుగుతున్నారు? ఈ మూడు చోట్లా ఒకే పేరు కనపడితే ఇంక ఆలోచించాల్సిన పనిలేదు.

మన సరిహద్దు క్లాన్‌లకు ఇంకో సంగతి కూడా ముఖ్యం. తెలుగువాళ్లు ఎక్కువైనప్పుడు ఒడియా పిల్లలు మాట్లాడటం తగ్గించేస్తారు. ఒడియావాళ్లు ఎక్కువైతే మనవాళ్లు వేరే గ్రూపు పెట్టుకుంటారు. పైకి గొడవేమీ కనపడదు, మెల్లగా క్లాన్ రెండుగా చీలిపోతుంది. కొత్త లీడర్ రెండు భాషలూ చదవగలవాడై ఉండాలి. "భాయినా" అని పిలిచినా "అన్నా" అని పిలిచినా ఒకేలా పలకాలి. ఒకవేళ అతను తెలుగు పిల్లాడే అయితే, పక్కన ఒడియా కో-లీడర్ ఒకరు తప్పనిసరిగా ఉండేలా చూడు. మీ క్లాన్‌లో కోరాపుట్, కలహండి పిల్లలు కూడా ఉన్నారని రాశావు కదా, వాళ్ల కోసం ఇది చెప్తున్నాను.

పేరు తేలాక బటన్ వెంటనే నొక్కకు. రెండు మూడు వార్‌లు అతన్నే పెట్టమను. ఎవరిని లోపలికి తీసుకోవాలి, అవతలి క్లాన్‌లో ఎవరి బేస్ (ఆటలో కట్టుకున్న ఊరు) మీదికి ఎవరిని పంపాలి, ఎవరు అటాక్ చేయకపోతే ఏమనాలి, అన్నీ అతనే చూసుకోవాలి. నువ్వు అక్కడే ఉండు, అడిగితే చెప్పు. నీ బుర్రలో మాత్రమే ఉన్న సంగతులు చాలా ఉంటాయి, అవి ఒక కాగితం మీద రాసి అతనికి పంపు. ఎవరికి పరీక్షలున్నాయి, ఎవరు రెండు అకౌంట్లు నడుపుతున్నారు, ఏ ఇద్దరికి పడదు, లీగ్ (నెలనెలా జరిగే క్లాన్ వార్‌ల పోటీ) బోనస్ మెడల్స్ ఈసారి ఎవరికిస్తానని మాటిచ్చావు. మాటిచ్చి మరిచిపోయిన బోనస్ దగ్గరే కొత్త లీడర్‌కు మొదటి తలనొప్పి మొదలవుతుంది. డిస్కార్డ్ యాప్‌లో క్లాన్‌వాళ్లు మాట్లాడుకునే సర్వర్ కూడా నీ పేరు మీదే ఉంటే, దాని యాజమాన్య హక్కును సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చాలి. అది మార్చకుండా యజమాని సర్వర్‌లోంచి బయటికి రాలేడు.

అయిపోయాక అందరికీ చెప్పు. చాట్‌లో రాస్తే గంటలో పైకి జరిగిపోతుంది, రాత్రి షిఫ్టువాళ్లు చూడరు. లీడర్‌కూ కో-లీడర్లకూ క్లాన్ మెయిల్ పంపే వీలుంది, అది అందరి ఇన్‌బాక్స్‌లోకీ వెళ్తుంది. అందులో చిన్నగా పెట్టి, పూర్తి మాట వాట్సాప్ గ్రూపులో రాయి. ఏం రాయాలో తెలియడం లేదన్నావు కాబట్టి ఒక నమూనా ఇస్తున్నాను, నీకు తగినట్టు మార్చుకో:

"అందరికీ నమస్కారం. ఈ నెల లీగ్ అయిపోయింది, ఇక నేను ఆట మానేస్తున్నాను. ఉద్యోగం, పెళ్లి రెండూ ఒకేసారి వచ్చాయి, ఇక మీదట టైమ్ కుదరదు. ఇక్కడ ఎవరి మీదా నాకు కోపం లేదు. ఇకనుంచి లీడర్ (ఇక్కడ అతని పేరు), ఈ మధ్య వార్‌లు పెట్టింది కూడా తనే. ఇరవయ్యో తేదీ వరకు చాట్‌లో ఉంటాను, ఆ తర్వాత వాట్సాప్‌లో దొరుకుతాను. ప్లస్ టూ నుంచి ఇవాళ్టి దాకా నా సాయంత్రాలన్నీ మీతోనే గడిచాయి. నాతో ఏదైనా చెప్పాలనుంటే ఈ లోపు చెప్పండి."

అంతకన్నా పెద్దది అక్కర్లేదు. అదే మాటను ఒడియాలో కూడా రాయించి పెట్టు. ఈ సందేశంలో పాత గొడవలు ఎత్తకు. ఎప్పుడో ఎవరో క్లాన్‌ను చీల్చి తీసుకెళ్లారని, ఎవరో వార్‌లో మోసం చేశారని రాస్తే, నువ్వు వెళ్లాక నెల రోజులు వాళ్లు దాని గురించే కొట్టుకుంటారు. "కొన్నాళ్లు బ్రేక్" అని కూడా రాయొద్దు. తిరిగి రానని నీకు తెలుసు. బ్రేక్ అంటే వాళ్లు నీకోసం చోటు ఖాళీగా ఉంచుతారు, లీడర్ కుర్చీలో ఉన్నవాడు ఏ నిర్ణయం తీసుకోవాలన్నా "అన్న వచ్చాక చూద్దాం" అంటాడు. నిజంగా ఎప్పుడైనా మళ్లీ ఆడాలనిపిస్తే మామూలు మెంబర్‌గా చేరొచ్చు, ఎవరూ కాదనరు.

అందరికీ చెప్పడం ఒకటి, దగ్గరివాళ్లకు విడిగా చెప్పడం ఇంకొకటి. నా దృష్టిలో రెండోదే అసలైన వీడ్కోలు. ఎవరెవరికి చెప్పాలో పేర్లు రాసుకో. ఒక్కొక్కరికీ వాళ్లకు మాత్రమే సరిపడే ఒక్క సంగతి చెప్పు. "అందరినీ మిస్ అవుతాను" అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు. "మా నాన్నకు ఒంట్లో బాగోలేనప్పుడు నువ్వు రోజూ ఆట సంగతి పక్కనపెట్టి ఎలా ఉందని అడిగేవాడివి, అది నేను మరచిపోలేదు" అని చెప్పు. ఇలాంటిది చదివినవాడు ఆ మెసేజ్‌ను ఏళ్ల తరబడి దాచుకుంటాడు. అలా దాచుకున్నవాళ్లు నాకు తెలుసు.

జవాబులు నువ్వు అనుకున్నట్టు రావు. చాలా దగ్గరనుకున్నవాడు "సరే అన్నా" అని ఊరుకోవచ్చు. మాట్లాడటం రాక అలా అంటారు, పట్టించుకోకు. ఏనాడూ నోరు విప్పనివాడు పేజీ రాయొచ్చు. ఒకరిద్దరు కోపంతో క్లాన్ వదిలేస్తారు. వాళ్లను బతిమాలొద్దు, కోప్పడొద్దు, కొత్త లీడర్‌ను పదిరోజులాగి పిలవమను.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు కూడా మీ క్లాన్‌లో ఉండే ఉంటారు. వాళ్లకు ఇది మనం అనుకునేదానికన్నా పెద్ద విషయం. ఎన్నాళ్ల నుంచో నిన్ను అన్న అని పిలుస్తున్నారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు వెళ్లిపోవడానికి కారణం వాళ్లు కాదని స్పష్టంగా చెప్పు. నంబరు ఇస్తే ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసేలా ఇవ్వు. రాత్రుళ్లు నీతో కష్టాలు చెప్పుకునే మనిషి ఎవరైనా ఉంటే, వయసుతో పనిలేదు, వాళ్లను ఉన్నపళంగా వదలకు. క్లాన్‌లో ఇంకొక నమ్మకమైన మనిషితో కలుపు. మానసిక సాయానికి ఉన్న టెలీ-మానస్ నంబరు 14416 ఇవ్వు. అది ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆట మానేశాక కూడా అలాంటి మనిషికి అప్పుడప్పుడు ఒక ఫోన్ చేయడం నీ బాధ్యతే అనుకుంటాను.

అకౌంట్ అమ్మడం గురించి ఎక్కువ చెప్పను. ఈ ఆట కంపెనీ సూపర్‌సెల్ నిబంధనల ప్రకారం అమ్మడం, కొనడం రెండూ తప్పు, అకౌంట్ శాశ్వతంగా బ్యాన్ కావచ్చు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, కొన్నవాడు నీ పేరుతో, నీ బేస్‌తో తిరుగుతాడు. మీ క్లాన్‌వాళ్లు నువ్వే తిరిగొచ్చావనుకుని సంతోషంగా పలకరిస్తారు. వాడు వాళ్లను డబ్బు అడిగితే ఇచ్చేస్తారు కూడా. ఆటలో కొన్న గోల్డ్ పాస్‌లకు పెట్టిన డబ్బు పోతే పోయింది. అకౌంట్ అలాగే ఉంచి, దానికి కట్టిన ఈ-మెయిల్‌ను మాత్రం పోగొట్టుకోకు. సూపర్‌సెల్ ఐడీలోకి వెళ్లే కోడ్ దానికే వస్తుంది.

క్లాన్ వదిలాక పాత చాట్ నీకు కనపడదు. కావాల్సిన స్క్రీన్‌షాట్లు ముందే తీసుకో. మెంబర్ల లిస్టు ఒకసారి పైనుంచి కిందిదాకా తీసి పెట్టుకో. పేర్లు మార్చుకున్నవాళ్లు తర్వాత గుర్తుండరు.

వాట్సాప్ గ్రూపు నుంచి కూడా వెళ్లాలా అని అడిగావు. ఆట క్లాన్‌తో పాటు ఆ గ్రూపును వదలాల్సిన పనిలేదు. నోటిఫికేషన్లు మ్యూట్ చేసి ఉండొచ్చు. అడ్మిన్ మాత్రం కొత్త లీడర్‌ను చెయ్యి. కానీ రోజూ వార్ స్క్రీన్‌షాట్లు చూస్తూ మనసు లాగుతోందనిపిస్తే బయటికి రా, అదీ చెప్పే రా. 2022 నుంచి గ్రూపు వదిలితే అడ్మిన్లకు మాత్రమే తెలిసేలా మార్చారు. మిగతావాళ్లు నువ్వింకా అక్కడే ఉన్నావనుకుని పలకరిస్తూ ఉంటారు, జవాబు లేకపోతే పొగరనుకుంటారు.

మొదటి కొన్ని వారాలు వార్ ముగిసే టైముకు చెయ్యి దానంతటదే ఫోన్ వైపు వెళ్తుంది. యాప్ తీసేసినా వెళ్తుంది. ఆ టైములో ఇంకో ఆట మొదలుపెట్టకు, ఇదే మళ్లీ మొదలవుతుంది. ఆ గంటలో క్లాన్ స్నేహితుల్లో ఒకరికి ఫోన్ చేసి మాట్లాడు. ఆట గురించి కాదు, వాళ్ల ఉద్యోగం, వాళ్ల ఊరు, వాళ్ల అమ్మానాన్నల గురించి. కొందరితో మాట్లాడటానికి ఆట తప్ప ఏమీ లేదని అప్పుడు తెలుస్తుంది. కొందరితో ఆట ఒక సాకు మాత్రమేనని కూడా తెలుస్తుంది. వాళ్లే నీతో ఉంటారు.

ఒక్కసారి అందరూ కలవండి. మీది రాయగడ కాబట్టి నీకు పని తేలిక. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం నుంచి నేరుగా రైలుంది, చాలామంది ఎలాగూ మజ్జి గౌరమ్మ దర్శనానికి వస్తూనే ఉంటారు. పెళ్లికి పిలవడం కన్నా పెళ్లికి ముందు ఒక ఆదివారం కలవడం మంచిది. పెళ్లిలో నీకు ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడే తీరిక ఉండదు. కాబోయే ఆవిడకు కూడా ముందే చెప్పు, వీలైతే ఆ రోజు ఆమె కూడా వచ్చి వాళ్లను చూస్తే బాగుంటుంది. నవ్విన ఇంట్లోవాళ్లను కూడా తీసుకురా.

చివరగా తేదీ. వార్ నడుస్తుండగా వదలకు. ప్రిపరేషన్‌కు ఒక రోజు, యుద్ధానికి ఒక రోజు ఉంటాయి, మధ్యలో వెళ్తే నీ బేస్ మ్యాప్‌లో ఉంటుంది, నీ అటాక్‌లు ఖాళీ. లీగ్ ప్రతి నెలా మొదట్లో వస్తుంది, ఏడు రోజులు ఏడు క్లాన్‌లతో ఆడాలి, పన్నెండో తేదీకల్లా అయిపోతుంది. కాబట్టి ఈ నెల లీగ్ నువ్వు లీడర్‌గా ఆడి బోనస్ మెడల్స్ పంచెయ్. పదిహేనుకు కొత్త లీడర్‌ను ప్రమోట్ చేసి మెయిల్ పంపు. ఇరవై దాకా కో-లీడర్‌గా ఉండి విడివిడిగా మాట్లాడాల్సినవాళ్లతో మాట్లాడు. ఇరవయ్యో తేదీన, రాత్రి షిఫ్టువాళ్లు కూడా ఆన్‌లైన్‌లో ఉండే టైము చూసుకుని, అందరితో చెప్పి లీవ్ నొక్కు.